ఫంక్షన్ పాయింటర్ డిక్లరేషన్: టైపులో పట్టని షరతులు ఎక్కడ రాయాలి

సి భాషలో చాలా లైబ్రరీల హెడర్ ఫైళ్లలో (ఫంక్షన్ల డిక్లరేషన్లు ఉండే ఫైళ్లలో) ఎక్కడో ఒకచోట ఇలాంటి లైను కనిపిస్తుంది:

ఇంట్ (*కంపార్)(కాన్‌స్ట్ వాయిడ్ *, కాన్‌స్ట్ వాయిడ్ *)

ఇది క్యూసార్ట్ అనే ప్రామాణిక ఫంక్షన్ తీసుకునే నాలుగో పారామీటర్. (ఈ వ్యాసంలో కోడ్‌ను పలికే తీరులోనే తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. గుర్తులు మాత్రం అసలు కోడ్‌లో ఉన్నవే.) వరసలో పెట్టాల్సినవి మార్కులా, పేర్లా, తేదీలా అన్నది క్యూసార్ట్‌కు తెలియదు. అందుకే రెండిట్లో ఏది ముందో తేల్చే ఫంక్షన్‌ను ప్రోగ్రామరే రాసి, దాని చిరునామాను క్యూసార్ట్ చేతికి ఇస్తాడు. ఆ చిరునామాను పట్టి ఉంచేదే ఫంక్షన్ పాయింటర్. అవసరమైనప్పుడల్లా అది ఆ చిరునామాకు వెళ్లి అడుగుతుంది.

ఆ లైనులో కంపైలర్‌కు అర్థమయ్యేది ఇంతే: రెండు పాయింటర్లు (చిరునామాలు) లోపలికి వెళ్తాయి, ఒక ఇంట్ (పూర్ణాంకం) బయటికి వస్తుంది. ఆ ఇంట్ అర్థమేమిటో అందులో లేదు. మొదటిది చిన్నదైతే సున్నాకన్నా తక్కువ, సమానమైతే సున్నా, పెద్దదైతే సున్నాకన్నా ఎక్కువ ఇవ్వాలన్న నియమం సి ప్రమాణంలో మాటల్లో రాసి ఉంది. పోలిక ఎన్నిసార్లు జరిగినా జవాబు మారకూడదు. ఒకటి రెండోదానికన్నా చిన్నది, రెండోది మూడోదానికన్నా చిన్నది అయితే ఒకటి మూడోదానికన్నా చిన్నదే కావాలి. ఇవి కూడా మాటల్లోనే ఉన్నాయి. టైపు చూసి వీటిలో ఒక్కటీ ఊహించలేం.

ఊహించలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు పూర్ణాంకాలను పోల్చే పాత అలవాటు ఒకటి చాలు: రిటర్న్ ఏ - బీ. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ల్యాబ్ రికార్డుల్లోనూ బోలెడుసార్లు కనిపిస్తుంది. ఏ విలువ మైనస్ 200 కోట్లు, బీ విలువ 200 కోట్లు అనుకుందాం. తేడా మైనస్ 400 కోట్లు. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది సుమారు 214 కోట్ల వరకే. అది దాటితే ఏం జరగాలో ప్రమాణం చెప్పదు. మామూలుగా జరిగేది మాత్రం విలువ చుట్టు తిరిగి 29,49,67,296 కావడం. అంటే చిన్నదాన్ని పట్టుకుని పెద్దదని చెప్పినట్టు. టైపు పక్కాగా సరిపోయింది, కంపైలర్ ఒక్క మాట అనలేదు, జవాబు మాత్రం తలకిందులైంది. (ఏ > బీ) - (ఏ < బీ) అని రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.

ఇది పరీక్ష పేపర్ల చిక్కు కాదు. 2024 జనవరిలో క్వాలిస్ భద్రతా పరిశోధకులు లినక్స్‌లో ఎక్కువగా వాడే ప్రామాణిక సి లైబ్రరీ జీలిబ్‌సీలోని క్యూసార్ట్‌ను పరిశీలించి, ఇలాంటి పొంతన లేని పోలిక ఫంక్షన్ ఇస్తే, పైగా ఎలిమెంట్లు విపరీతంగా ఉండి, మెమరీ కేటాయించే మాలాక్ విఫలమైతే, క్యూసార్ట్ తనకిచ్చిన అర్రే హద్దు దాటి మెమరీని పాడుచేస్తుందని చూపించారు. వాళ్లిచ్చిన ఉదాహరణ కూడా ఈ తీసివేతే. ప్రమాణం ప్రకారం తప్పు పోలిక ఫంక్షన్ రాసినవాళ్లదే. అయినా జీలిబ్‌సీ నిర్వాహకులు క్యూసార్ట్‌కు గట్టి కాపలా పెట్టారు. మాటల్లో ఉన్న షరతును కోడ్ రాసేవాళ్లు చదవకపోతే నష్టం ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫంక్షన్ పాయింటర్ డాక్యుమెంటేషన్‌లో అసలు మెలిక ఇంకొకటి ఉంది. మామూలు ఫంక్షన్ మీద రాసే కామెంట్‌ను చదివేది దాన్ని పిలిచేవాళ్లు. ఏమి ఇవ్వాలి, ఏమి వస్తుంది అన్నది వాళ్లకు కావాలి. ఫంక్షన్ పాయింటర్ దగ్గర ఈ పాత్రలు తారుమారవుతాయి. చదివేవాళ్లు ఆ ఫంక్షన్‌ను రాయబోయేవాళ్లు, పిలిచేది లైబ్రరీ. కాబట్టి ఇక్కడ పారామీటర్ల వివరణ అంటే ‘మీకు ఏమి అందుతుంది’ అని, రిటర్న్ వివరణ అంటే ‘మీరు ఏమి ఇవ్వాలి, ఇస్తే మేం ఏం చేస్తాం’ అని. టైలర్ షాపులో ఫోన్ నంబర్ ఇచ్చి వచ్చినవాళ్లకు తెలియాల్సింది నంబర్‌లో ఎన్ని అంకెలన్నది కాదు. ఎప్పుడు చేస్తారు, ఒకసారే చేస్తారా, ఎత్తకపోతే మళ్లీ చేస్తారా, పని అయిపోయాక ఆ నంబర్‌ను కొట్టేస్తారా అన్నది. చాలా హెడర్లలో కామెంట్ రాసినవాళ్లు ఈ తేడా పట్టించుకోక, పక్కన ‘కాల్‌బ్యాక్ ఫంక్షన్’ (లైబ్రరీ తిరిగి పిలిచే ఫంక్షన్) అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. అది ఉన్నా లేకున్నా ఒకటే.

ముందు డిక్లరేషన్‌నే చదవగలిగేలా రాయడం గురించి. డెనిస్ రిచీ సి భాషను రూపొందించినప్పుడు డిక్లరేషన్ కూడా వాడకంలాగే కనిపించాలన్న పద్ధతి పెట్టాడు. ఇంట్ *ఎఫ్(ఇంట్) అంటే పాయింటర్‌ను తిరిగిచ్చే ఫంక్షన్. ఇంట్ (*ఎఫ్)(ఇంట్) అంటే ఇంట్‌ను తిరిగిచ్చే ఫంక్షన్‌కు పాయింటర్. తేడా అంతా ఒక జత బ్రాకెట్లలో ఉంది. పేరు దగ్గర మొదలుపెట్టి కుడికి వెళ్లాలి, బ్రాకెట్ అడ్డొస్తే ఎడమకు తిరగాలి, మళ్లీ బయటికి రావాలి. చిన్న డిక్లరేషన్లకు ఈ కిటుకు చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి సిగ్నల్ వస్తే ఏ ఫంక్షన్ నడవాలో నమోదు చేసే సిగ్నల్ ఫంక్షన్ దగ్గరికి వచ్చేసరికి కళ్లు తిరుగుతాయి:

వాయిడ్ (*సిగ్నల్(ఇంట్ సిగ్, వాయిడ్ (*ఫంక్)(ఇంట్)))(ఇంట్);

ఒక అంకెను, ఒక ఫంక్షన్ పాయింటర్‌ను తీసుకుని, అంతకుముందు నమోదై ఉన్న ఫంక్షన్ పాయింటర్‌ను తిరిగిచ్చే ఫంక్షన్ ఇది. ఇంటర్వ్యూల్లో దీన్ని విప్పమని అడగడం కొందరికి సరదా. హెడర్‌లో మాత్రం దీన్ని ఇలాగే వదిలేయడానికి కారణం లేదు. లినక్స్ మాన్యువల్ పేజీ ముందు ఆ టైపుకు టైప్‌డెఫ్‌తో ఒక పేరు పెట్టి, దీన్ని రెండు లైన్లుగా విడగొడుతుంది:

టైప్‌డెఫ్ వాయిడ్ (*సిగ్‌హ్యాండ్లర్_టీ)(ఇంట్);
సిగ్‌హ్యాండ్లర్_టీ సిగ్నల్(ఇంట్ సిగ్‌నమ్, సిగ్‌హ్యాండ్లర్_టీ హ్యాండ్లర్);

చదవడం సులువవుతుంది, నిజమే. కానీ టైప్‌డెఫ్‌తో అంతకన్నా పెద్ద లాభం ఉంది. షరతులు రాయడానికి ఒక చోటు దొరుకుతుంది. పారామీటర్ల జాబితా మధ్యలో ఇరుక్కున్న పేరులేని టైపు మీద కామెంట్ ఎక్కడ పెట్టాలి? దాని లోపలి పారామీటర్ల గురించి ఎలా చెప్పాలి? కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సిజన్ లాంటి టూల్‌కు టైప్‌డెఫ్ దొరికితే దాని మీద పారామీటర్లు, రిటర్న్ విలువ విడివిడిగా వివరించవచ్చు. లినక్స్ కెర్నల్ వాడే కెర్నల్-డాక్ పద్ధతిలోనూ ఫంక్షన్ టైప్‌డెఫ్‌కు ప్రతి ఆర్గ్యుమెంట్ వివరణ, రిటర్న్‌తో పాటు ‘కాంటెక్స్ట్’ అనే విడి భాగం రాసే వీలుంది. ఏ లాక్ (అదే డేటాను ఇంకెవరూ తాకకుండా వేసే తాళం) పట్టుకుని పిలుస్తారు, లోపల నిద్రపోవచ్చా (ఆగి వేచి ఉండవచ్చా) అన్నవి రాయడానికే ఆ భాగం. ఆ ఒక్క మాటను నమూనాలోనే చేర్చడం కెర్నల్ వాళ్లు చేసిన మంచి పనుల్లో ఒకటి.

టైప్‌డెఫ్ రాసేటప్పుడు పాయింటర్‌కు కాకుండా ఫంక్షన్ టైపుకే పేరు పెట్టడం ఇంకా మేలు. టైప్‌డెఫ్ ఇంట్ పోలిక_ఫంక్షన్(...) అని రాసి, వాడేచోట పోలిక_ఫంక్షన్ *పీ అని నక్షత్రం బయటే ఉంచితే అది పాయింటర్ అని అందరికీ కనిపిస్తుంది. పైగా పోలిక_ఫంక్షన్ వయసును_బట్టి; అని ముందే ఒక లైను పెట్టుకోవచ్చు. ఆ తర్వాత రాసిన వయసును_బట్టి ఫంక్షన్ టైపు ఏ మాత్రం తేడాగా ఉన్నా కంపైలర్ అక్కడే ఆపుతుంది. ఇక పారామీటర్ల పేర్లు. ఫంక్షన్ పాయింటర్ డిక్లరేషన్‌లో అవి తప్పనిసరి కాదు, కంపైలర్‌కు అవి పట్టవు కూడా. కానీ (వాయిడ్ *, ఇంట్, ఇంట్) అని ఉన్నదాన్నీ, (వాయిడ్ *డేటా, ఇంట్ ఇప్పటిదాకా, ఇంట్ మొత్తం) అని ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు ఎందుకు రాయాలో వాదించాల్సిన పని ఉండదు.

ఖాళీ బ్రాకెట్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. వాయిడ్ (*ఎఫ్)() అని రాస్తే పాత సి ప్రమాణాల్లో ‘ఏ పారామీటర్లో చెప్పడం లేదు’ అని అర్థం. దానికి ఏ ఫంక్షన్ అయినా ఇచ్చేయవచ్చని కొందరు సోమరితనంతో వాడేవాళ్లు. సి23 అనే కొత్త ప్రమాణంలో దాని అర్థం మారింది: పారామీటర్లు అసలు లేవు. 2025లో వచ్చిన జీసీసీ 15 కంపైలర్ ఏ ఆప్షన్ ఇవ్వకపోతే సి23 పద్ధతినే తీసుకుంటుంది కాబట్టి, దశాబ్దాలుగా కంపైల్ అవుతున్న పాత కోడ్ కొంత ఒక్కసారిగా ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది జీసీసీ 14 కూడా పొసగని పాయింటర్ టైపులను వార్నింగ్ నుంచి ఎర్రర్‌గా మార్చింది. వేరే టైపు ఫంక్షన్‌ను బలవంతంగా క్యాస్ట్ చేసి (టైపు మార్చి చూపి) పిలవడం సి ప్రమాణం ఎన్నడూ ఒప్పుకోలేదు, అదృష్టం కొద్దీ నడిచేది. ఇప్పుడు ఆ అదృష్టమూ తగ్గుతోంది. టైపు చెప్పగలిగినదాన్ని టైపులోనే కచ్చితంగా చెప్పేయాలి. కామెంట్‌లో ‘నిజానికి ఇది రెండు ఇంట్లు తీసుకుంటుంది’ అని రాయడం డాక్యుమెంటేషన్ అనిపించుకోదు.

లినక్స్ కెర్నల్ టైమర్ల కథ దీనికి మంచి సాక్ష్యం. చాలాకాలం టైమర్ కాల్‌బ్యాక్ ఒక అన్‌సైన్డ్ లాంగ్ తీసుకునేది. డ్రైవర్లు అందులో తమ స్ట్రక్ట్ (కొన్ని విలువల కట్ట) చిరునామాను క్యాస్ట్ చేసి దాచి, కాల్‌బ్యాక్ లోపల మళ్లీ క్యాస్ట్ చేసి తీసుకునేవి. ఆ అంకె నిజానికి ఏ స్ట్రక్ట్ చిరునామాయో డిక్లరేషన్ చూసి చెప్పలేం. 2017లో మొదలుపెట్టి 4.15 వెర్షన్ వచ్చేనాటికి వాటన్నిటినీ మార్చి, కాల్‌బ్యాక్‌కు టైమర్ స్ట్రక్ట్ పాయింటర్‌నే ఇచ్చేలా చేశారు. అంతకుముందు ప్రోగ్రామర్ల బుర్రల్లో ఉన్న సమాచారంలో కొంత టైపులోకి వచ్చేసింది.

టైపులోకి ఎప్పటికీ రానిది మాత్రం చాలా ఉంది. లిబ్‌కర్ల్ లైబ్రరీలో డౌన్‌లోడ్ అయిన డేటాను అందుకునే కాల్‌బ్యాక్‌ను దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది:

సైజ్_టీ రైట్_కాల్‌బ్యాక్(చార్ *పీటీఆర్, సైజ్_టీ సైజ్, సైజ్_టీ ఎన్‌మెంబ్, వాయిడ్ *యూజర్‌డేటా);

చార్ పాయింటర్ కనిపించగానే సి ప్రోగ్రామర్ చేయి స్ట్రింగ్ అనుకుని పొడవు కొలిచే ఎస్‌టీఆర్‌లెన్ వైపు పోతుంది. డాక్యుమెంటేషన్ అక్కడే ఆపుతుంది: ఈ డేటా చివర సున్నా ఉండదు. సైజ్ విలువ ఎప్పుడూ 1 అని చెబుతుంది. ఎన్ని బైట్లు తీసుకున్నారో అదే సంఖ్య తిరిగివ్వాలి, అందిన బైట్ల సంఖ్యకు అది తేడాగా ఉంటే దాన్ని తప్పుగా లెక్కగట్టి బదిలీ ఆపేస్తామని హెచ్చరిస్తుంది. ఫైలు ఖాళీగా ఉంటే సున్నా బైట్లతో కూడా పిలుపు రావచ్చని చెబుతుంది. ఇవన్నీ వాడేవాళ్లు తలబద్దలు కొట్టుకుని రాత్రంతా డీబగ్ చేసి తెలుసుకునే విషయాలు. నాలుగు వాక్యాల్లో ముందే చెప్పేశారు. లిబ్‌కర్ల్‌కు ఇది మరీ అవసరం, ఎందుకంటే ఈ కాల్‌బ్యాక్‌ను నమోదు చేసే సెట్‌ఆప్ట్ ఫంక్షన్ ఎలాంటి ఆర్గ్యుమెంట్ అయినా తీసుకునే రకం. సి భాష తరఫున అక్కడ టైపు తనిఖీ కూడా లేదు. మాటే దిక్కు.

తర్వాతి ప్రశ్న: పిలుపు వచ్చినప్పుడు లోపల ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు? సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్) టైపు చూస్తే ఒక ఇంట్ తీసుకుంటుంది, ఏమీ ఇవ్వదు. ఇంతకన్నా అమాయకమైన టైపు ఉండదు. కానీ దాని లోపల ప్రింట్‌ఎఫ్ పిలవకూడదు, మాలాక్ పిలవకూడదు. సిగ్నల్ వచ్చిన క్షణాన ప్రోగ్రామ్ సరిగ్గా ఆ మాలాక్ మధ్యలోనే ఉండి ఉండవచ్చు. 2024 జూలైలో బయటపడిన, దూరపు కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లోని లోపానికి మూలం ఇదే. లాగిన్ గడువు తీరినప్పుడు నడిచే సిగ్నల్ హ్యాండ్లర్ నుంచి లాగ్ రాసే సిస్‌లాగ్ పిలుపు వెళ్లేది, జీలిబ్‌సీ ఉన్న లినక్స్‌లో అది మెమరీ కేటాయింపు దాకా పోయేది. విచారకరమైన సంగతేమిటంటే ఈ లోపాన్ని 2006లోనే మూశారు. 8.5 వెర్షన్‌కు ముందు లాగింగ్ కోడ్‌ను సవరిస్తూ, సిగ్నల్ హ్యాండ్లర్‌లో లాగింగ్‌ను అడ్డుకునే ఒక ఇఫ్‌డెఫ్‌ను (షరతు మీదే కోడ్‌ను కంపైల్ చేయించే లైనును) తీసేయడంతో అది తిరిగొచ్చింది. ఫలానా ఫంక్షన్ సిగ్నల్ హ్యాండ్లర్ లోంచి నడుస్తుందన్న నిజం ఏ టైపులోనూ లేదు. ఉండగలిగింది ఆ ఇఫ్‌డెఫ్‌లో, దాని పక్కన రాసే కామెంట్‌లో.

కెర్నల్ ఫైల్‌సిస్టమ్ విభాగంలో ఈ విషయాన్ని పట్టికలుగా రాసి పెట్టారు. డెంట్రీ (ఫైలు పేరు గురించి కెర్నల్ ఉంచుకునే నమోదు) ఆపరేషన్స్ అనే స్ట్రక్ట్‌లో డీ_డిలీట్, డీ_రిలీజ్ అని రెండు ఫంక్షన్ పాయింటర్లున్నాయి. రెండూ తీసుకునేది ఒక డెంట్రీ పాయింటరే. లాకింగ్ పట్టిక చూస్తే డీ_డిలీట్‌ను లాక్ పట్టుకుని పిలుస్తారు, లోపల ఆగకూడదు. డీ_రిలీజ్‌ను ఆ లాక్ లేకుండా పిలుస్తారు, లోపల ఆగవచ్చు. పేర్లు వింటే అక్కచెల్లెళ్లలా ఉన్నాయి, నియమాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. స్ట్రక్ట్‌లో ఇన్ని ఫంక్షన్ పాయింటర్లు ఉన్నప్పుడు, ఏది నల్‌గా (ఏ చిరునామా లేకుండా) ఉండొచ్చు, ఉంటే ఏ డిఫాల్ట్ నడుస్తుంది అన్నది కూడా ఒక్కో మెంబర్ పక్కన రాయాలి. మొత్తానికి కలిపి పైన ఒక పేరా రాస్తే పనికిరాదు.

ఆయుష్షు సంగతి అన్నిటికన్నా క్లిష్టం, అన్నిటికన్నా తక్కువగా రాసేదీ అదే. కాల్‌బ్యాక్‌తో పాటు ఇచ్చే వాయిడ్ పాయింటర్ డేటా ఎప్పటిదాకా బతికుండాలి? జీలిబ్ లైబ్రరీ (ఇది జీలిబ్‌సీ కాదు, వేరేది) వాడే జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్ పద్ధతి దీనికి నాలుగు మాటలు ఖాయం చేసుకుంది. స్కోప్ కాల్ అంటే ఆ పిలుపు ముగిసేదాకానే వాడతాం. అసింక్ అంటే తర్వాత ఒకే ఒక్కసారి పిలుస్తాం. నోటిఫైడ్ అంటే వదిలేసే ముందు కబురు పెడతాం, అప్పుడు డేటాను విడుదల చేసుకోవచ్చు. ఫరెవర్ అంటే ప్రోగ్రామ్ నడిచినన్నాళ్లూ. కామెంట్‌లో రాసే ఈ ముక్కలను టూల్స్ చదివి, పైథాన్ లాంటి భాషల నుంచి ఆ ఫంక్షన్లను పిలిచే కోడ్‌ను తయారుచేస్తాయి. అంటే ఇక్కడ కామెంట్ తప్పు రాస్తే పైథాన్ ప్రోగ్రామ్ క్రాష్ కావచ్చు. కామెంట్‌కు ఇంత బరువు ఇచ్చిన చోట కామెంట్లు సహజంగానే శ్రద్ధగా ఉంటాయి.

ఇదంతా ఒక చిన్న హెడర్‌లో ఎలా కుదురుతుందో చూడటానికి ఇంటి మేడమీద వాటర్ ట్యాంకును గమనించే లైబ్రరీ ఒకటి ఉందనుకుందాం. మామూలుగా కనిపించే తీరు ఇది:

వాయిడ్ మట్టం_గమనించు(వాయిడ్ (*ఎఫ్)(), వాయిడ్ *పీ);   /* కాల్‌బ్యాక్ సెట్ చేస్తుంది */

ఉండాల్సిన తీరు ఇది:

/*
 * ట్యాంకులో నీటి మట్టం మారినప్పుడు లైబ్రరీ దీన్ని పిలుస్తుంది.
 * మట్టం: ట్యాంకు అడుగు నుంచి సెంటీమీటర్లలో. సెన్సార్ చెడిపోతే -1.
 * సొంత_డేటా: నమోదు చేసినప్పుడు ఇచ్చిన పాయింటరే, మార్పు లేకుండా.
 * రిటర్న్: 0 ఇస్తే మళ్లీ పిలుస్తుంది. ఇంకేది ఇచ్చినా ఇక పిలవదు.
 * ఎక్కడ నడుస్తుంది: లైబ్రరీ సొంత థ్రెడ్‌లో, ఒకసారికి ఒకటే పిలుపు.
 * లోపల మట్టం_ఆపు() పిలవకూడదు, పిలిస్తే కదలకుండా ఆగిపోతుంది.
 */
టైప్‌డెఫ్ ఇంట్ మట్టం_ఫంక్షన్(ఇంట్ మట్టం, వాయిడ్ *సొంత_డేటా);

/*
 * ఫంక్షన్ నల్ కాకూడదు. సొంత_డేటా నల్ కావచ్చు.
 * మట్టం_ఆపు() తిరిగి వచ్చేదాకా సొంత_డేటా బతికుండాలి.
 */
ఇంట్ మట్టం_గమనించు(మట్టం_ఫంక్షన్ *ఫంక్షన్, వాయిడ్ *సొంత_డేటా);

/* ఇది తిరిగి వచ్చాక ఒక్క పిలుపు కూడా రాదు. నడుస్తున్న పిలుపు ఉంటే అది ముగిసేదాకా ఆగుతుంది. */
వాయిడ్ మట్టం_ఆపు(వాయిడ్);

పిలుపుకు సంబంధించిన షరతులు టైప్‌డెఫ్ మీద ఉన్నాయి, ఎందుకంటే ఆ టైపును రేపు ఇంకో ఫంక్షన్ కూడా వాడుకోవచ్చు. ఆయుష్షు, నల్ సంగతులు నమోదు చేసే ఫంక్షన్ మీద ఉన్నాయి, ఎందుకంటే అవి ఆ నమోదుకు చెందినవి. ఈ విభజన పాటించకపోతే అదే షరతును మూడు చోట్ల రాయాల్సి వస్తుంది, ఏడాది తిరిగేసరికి మూడూ మూడు రకాలుగా మారిపోతాయి.

చివరి కామెంట్‌లో ఉన్న రెండు వాక్యాలు చాలా లైబ్రరీల్లో కనిపించవు. వాడేవాళ్లు మట్టం_ఆపు() పిలిచి, వెంటనే కింది లైనులో ఫ్రీ(సొంత_డేటా) అని రాస్తారు. అది పూర్తిగా న్యాయమైన కోడ్. కానీ ఈ హామీ లేని లైబ్రరీలో, ఆపమన్న మాట లైబ్రరీ థ్రెడ్‌కు చేరేలోపు ఆ థ్రెడ్ అప్పటికే కాల్‌బ్యాక్‌లోకి అడుగుపెట్టి ఉంటే, విడుదలైన మెమరీలోంచి సొంత_డేటాను చదువుతుంది. వెయ్యిసార్లు నడిపితే తొమ్మిది వందల తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ ఒక్కసారి, ఆ డేటాను నమ్మి నడిచే మోటారు ఆగకపోతే ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు కిందికి దిగుతాయి. లాగ్‌లో మాత్రం మట్టం మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది.